గంధకంలో దిగిన తూటా

పర్లాకిమిడిలో నాది బంగారం పని. పోయిన మాఘంలో మా వీధి చివరి మాస్టారు నన్ను ఇంటికి పిలిచి, బీరువాలోంచి వాళ్ల తాతగారి తుపాకీ తీశారు. పైన రెండు గొట్టాలు, కింద ఒకటి. జర్మనీలోని జూల్ పట్నంలో చేసింది. ఇలాంటి మూడు గొట్టాల దాన్ని వాళ్లు డ్రిల్లింగ్ అంటారు. లైసెన్సు మాస్టారి పేరనే ఉంది. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చాక ఆ ఇంట్లో దాన్ని ఎవరూ అడవికి పట్టుకెళ్లలేదు.

"ఆచారీ, ఇది ఎనిమిది ఎమ్మెమ్మే, .315 తూటా పడుతుంది అంటున్నారు మా అల్లుడుగారు. నాకు టెన్షన్‌గా ఉంది. నా తరవాత ఎవరైనా అలా పెట్టి పేలిస్తే?"

తుపాకీ ఆయన కళ్ల ముందునుంచి కదలకూడదని చెప్పి ఒప్పుకున్నాను. మూడు గొట్టాలూ ఖాళీయేనని ఇద్దరం చూసుకున్నాం.

ముందు గొట్టాల అడుగున ముద్రలు చూశాను. కిరీటం కింద యు, కిరీటం కింద జి. 1891 నాటి జర్మన్ చట్టం ప్రకారం పరీక్ష చేసి వేసే గుర్తులు. జి అంటే లోపల మెలి గాళ్లు తీసిన గొట్టం అని. దాని పక్కన 108.49. ఇంట్లో అందరూ దాన్ని తుపాకీ నెంబరు అనుకుంటూ వచ్చారు. నెంబరుకు దశాంశం ఎందుకుంటుంది?

12 బోరు అంటే గొట్టంలో సరిగ్గా పట్టే సీసం గుళ్లు పౌనుకు 12 తూగుతాయని అర్థం. ఇదీ అదే లెక్క. పౌను 453.6 గ్రాములు, 108.49తో భాగిస్తే గుండు 4.18 గ్రాములు. సీసం సాంద్రత 11.34 పెట్టి కడితే గుండు అడ్డం 8.9 మిల్లీమీటర్లు వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడో ఒక పనివాడు తూకంలో రాసిపెట్టిన మాట, తూకం మీద బతికే నాకు అందింది. .315 అంగుళాలంటే 8 మిల్లీమీటర్లే. అల్లుడుగారి మాట అక్కడే తప్పింది.

మెత్తటి సీసం ముక్కకు నూనె రాసి, చెక్క కర్రతో గొట్టంలోంచి నెట్టాం. గాళ్ల అడుగున కొలిస్తే 9.28; ముద్రలోని 8.9 గాళ్ల మధ్య గట్ల దగ్గరి కొలత. అంటే 9.3 జాతి. కానీ జర్మన్లు ఆ బోరులోనే 57, 70, 72, 80, 82 మిల్లీమీటర్ల పొడవున తూటాలు చేశారు. ఏదో తేలాలంటే తూటా కూర్చునే గది అచ్చు తీయాలి. దానికి సెర్రోసేఫ్ అని తక్కువ వేడికి కరిగే లోహం ఉంది, మాకు దొరకలేదు. పాతకాలం పద్ధతి గంధకం.

గంధకం పొగ తగిలితే వెండి నల్లబడుతుంది. అందుకే కొట్లో కాకుండా మాస్టారి పెరట్లో, గాలి వాలు చూసుకుని కుంపటి పెట్టాం. గదికి ముందు గుడ్డ బిగించాం. మొదటిసారి తొందరపడ్డాను. గంధకం 115 డిగ్రీల దగ్గర తేనె రంగులో పలచగా కరుగుతుంది, 160 దాటితే ఎర్రబడి పాకంలా చిక్కబడుతుంది. నాది పాకమైపోయింది. మర్నాడు సన్న సెగ మీద, చిటికెడు దీపం మసి కలిపి పోశాను. చల్లారాక వెనకనుంచి మెల్లగా తడితే మొత్తం అచ్చు చేతిలోకి వచ్చింది. గది వెంటనే తుడిచి నూనె పట్టించాం, గంధకం మిగిలితే ఉక్కు తినేస్తుంది.

మెడ నొక్కులు లేవు, మొదటినుంచి చివరిదాకా సన్నగా వాలింది. మొదలు 11 మిల్లీమీటర్ల లోపే, వెనక అంచు ఉంది. పొడవు మూడుసార్లు కొలిచాను: 82. కనక 9.3×82ఆర్. ఆర్ అంటే అంచున్నది.

.315 తూటా మొదలు 12 దాటి ఉంటుంది, గదిలోకే పోదు. అసలు భయం 72తో. అది ఇప్పటికీ తయారవుతోంది. 9.3 అని పేరు చూసి తెచ్చి పెడితే ముందు 10 మిల్లీమీటర్లు ఖాళీ ఉండిపోతుంది.

పై గొట్టాల మీద వృత్తంలో 16 ఉంది, అంటే 16 బోరు. వాటి గదులు 65 మిల్లీమీటర్లు, ఇప్పటి తూటా పేలాక 70కి విప్పుకుంటుంది. అదీ పెట్టకూడదు.

ఇవన్నీ మాస్టారు తెలుగులోనూ ఒడియాలోనూ రాసి లైసెన్సు పుస్తకంలో పెట్టుకున్నారు. అచ్చు పెళుసు. గొలుసులు చుట్టి ఇచ్చే గులాబీ కాగితంలో చుట్టి, దూది వేసి, గాజుల డబ్బాలో పెట్టిచ్చాను.