నీళ్ళలో రుచిని నేనే: పిల్లల నాలుకకు అందే గీతాశ్లోకం

రసోఽహమప్సు కౌంతేయ ప్రభాస్మి శశిసూర్యయోః
ప్రణవః సర్వవేదేషు శబ్దః ఖే పౌరుషం నృషు

భగవద్గీత ఏడో అధ్యాయంలో ఎనిమిదో శ్లోకం ఇది. "కౌంతేయా, నీళ్ళలో రుచిని నేను. చంద్రసూర్యుల్లో వెలుగును నేను. వేదాలన్నిటిలో ఓంకారాన్ని, ఆకాశంలో శబ్దాన్ని, మనుషుల్లో పౌరుషాన్ని నేను" అంటున్నాడు కృష్ణుడు. దీనికి ముందు శ్లోకంలోనే, దారానికి మణులు గుచ్చినట్టు ఈ జగత్తంతా నాలో కూర్చి ఉందన్నాడు. సరే, మరి ఎక్కడ కనిపిస్తావయ్యా అంటే, మొదట చూపించింది సూర్యుణ్ణి కాదు, ఓంకారాన్నీ కాదు. నాలుకకు తగిలే రుచిని.

నాలుగైదేళ్ళ పిల్లలకు రుచి అంటే ఏమిటో చెప్పాలంటే ఇంతకంటే మంచి మొదలు నాకు కనిపించదు. అయితే ఈ మాట వినగానే చురుకైన పిల్ల ఎవరైనా వెంటనే అడుగుతుంది: "నీళ్ళకు రుచే ఉండదు కదా?"

దీనికి మాటలతో జవాబు చెప్పడం దండగ. శుభ్రమైన మెత్తని గుడ్డతో నాలుక కొసను తడి లేకుండా అద్ది, దాని మీద నాలుగు చక్కెర పలుకులు వేయండి. నాలుక లోపలికి లాక్కోకుండా ఒక్క క్షణం ఆగమనండి. తీపి తెలియదు. నోరూరి పలుకులు కరగడం మొదలయ్యాకే తెలుస్తుంది. చక్కెర అక్కడే ఉంది, నాలుకా అక్కడే ఉంది, మధ్యకు నీళ్ళు వచ్చేదాకా రుచి మాత్రం రాలేదు. (ఏడాది లోపు పసివాళ్ళకు ఉప్పు, చక్కెర, తేనె నాకించే ప్రయోగాలు వద్దు. ఇది కాస్త ఎదిగిన పిల్లలకే.)

లోపల జరిగేది కూడా పిల్లలకు అర్థమయ్యేదే. అద్దం ముందు నాలుక చాపితే చిన్న చిన్న బొడిపెలు కనిపిస్తాయి. వాటిలో కొన్నిటిలో, కంటికి ఆననంత చిన్నగా, రుచి మొగ్గలు ఉంటాయి. ఒక్కో మొగ్గలో 50 నుంచి 100 దాకా కణాలు. మొగ్గ కొసన సన్నటి రంధ్రం ఉంటుంది, కరిగినదే దాంట్లోకి దిగుతుంది. కరగనిది ఎంత తియ్యనిదైనా బయటే ఉండిపోతుంది. ఇక నీళ్ళు చప్పగా ఉండటానికి కారణం, మన నాలుక పగలూ రాత్రీ లాలాజలంలోనే నానుతూ ఉండటం. ఎప్పుడూ ఉండేదాన్ని అది పట్టించుకోవడం మానేస్తుంది. పులుపో చేదో కాసేపు నోట్లో ఉంచుకుని, తర్వాత మంచినీళ్ళు తాగితే ఒక్కోసారి అవే నీళ్ళు తియ్యగా అనిపిస్తాయి. పెద్దవాళ్ళకూ ఇది వింతే.

ఇంకో సంగతి చెబితే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. అమ్మ కడుపులో ఉన్నప్పుడే శిశువుకు రుచి మొగ్గలు ఏర్పడతాయి, చుట్టూ ఉన్న ఉమ్మనీటిని గుటకలు వేయడం కూడా అక్కడే మొదలవుతుంది. అంటే మనలో ప్రతి ఒక్కరూ తొలి రుచి చూసింది నీళ్ళలోనే. కృష్ణుడి మాటకు దీన్ని సైన్సు రుజువుగా చూపించే తొందర నాకు లేదు. శ్లోకం దాని దారిన అది నిలబడగలదు. కానీ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు సంతోషంగా ఉంటుంది.

మన శాస్త్రాలు పంచభూతాలకు గుణాలు చెప్పేటప్పుడు నీటికి నాలుగు ఇచ్చాయి: శబ్దం, స్పర్శ, రూపం, రుచి. గ్లాసులోకి నీళ్ళు వంపితే చప్పుడు, వేలు ముంచితే చల్లదనం, కంటికి మెరుపు, చివరికి నాలుక. వీటిలో మొదటి మూడూ నీటికంటే ముందు పుట్టిన భూతాల నుంచి వచ్చినవి, రుచి ఒక్కటే దాని సొంతం. ఐదో గుణం వాసన, అది భూమిది. అందుకే తర్వాతి శ్లోకం "పుణ్యో గంధః పృథివ్యాం చ" అని మొదలవుతుంది. భూమిలో పవిత్రమైన వాసనను కూడా నేనే అంటాడు. శ్లోకాల్లో ఈ రెండూ ఇరుగుపొరుగు, నోట్లోనూ అంతే. ముక్కు గట్టిగా మూసుకుని ఏదైనా పండు ముక్క నమలమనండి. తీపి, పులుపు తెలుస్తాయి గానీ అది ఏ పండో చెప్పడం కష్టం. వేళ్ళు తీయగానే గొంతు వెనక నుంచి వాసన ముక్కుకు చేరి పండు పేరు బయటపడుతుంది. మనం రుచి అనుకునేదాంట్లో సగం పని ముక్కే చేసిపెడుతోంది.

ఎన్ని రుచులున్నాయి అని అడిగితే? ఆయుర్వేదం ఆరు అంటుంది: తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. నేటి శాస్త్రం ఐదు అంటుంది. కారం నిజానికి మంట, దాన్ని మోసుకెళ్ళేది నొప్పి, వేడి తెలిపే నరాలు. వగరు నోరు పట్టేసినట్టుండే స్పర్శ. అందుకని ఈ రెంటినీ పక్కన పెట్టి, 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా గుర్తించిన ఉమామిని (మాంసపు పులుసులో, పుట్టగొడుగుల్లో తెలిసే కమ్మదనం) ఐదోదిగా చేర్చుకున్నారు. లెక్కలు వేరైనంత మాత్రాన పిల్లల ముందు గొడవ పడనక్కర్లేదు. నోట్లో ఏం జరుగుతుందో అంతా చెప్పేది ఆ ఆరు, రుచి మొగ్గలు పట్టేది ఈ ఐదు. కానీ నాలుక కొసన తీపి, వెనక చేదు అంటూ గీసే బొమ్మను మాత్రం నేర్పకండి. 1901లో హానిగ్ అనే జర్మన్ పరిశోధకుడు నాలుక అంచుల వెంట చాలా చిన్న తేడాలు గమనించాడు. తర్వాతివాళ్ళు వాటిని గోడలు కట్టినట్టు చూపించారు. రుచి మొగ్గలున్న చోటల్లా అన్ని రుచులూ తెలుస్తాయి.

నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది చేదు దగ్గర. పుట్టిన రోజు నుంచే శిశువు తీపికి పెదవులు చప్పరిస్తుంది, చేదుకు మొహం చిట్లిస్తుంది. విషపదార్థాలు చాలావరకు చేదుగా ఉంటాయి కాబట్టి ప్రకృతి పెట్టిన కాపలా అది, మొండితనం కాదు. దానికి పిల్లలను తిట్టడం అన్యాయం. అలాగని తీపి మంచి రుచి, చేదు చెడ్డ రుచి అని చెప్పినా శ్లోకానికి అన్యాయమే. తీపిని మాత్రమే నేను అని ఆయన అనలేదుగా. గీత పదిహేడో అధ్యాయంలో రాజసాహారం, అంటే రజోగుణం ఉన్నవాళ్ళు ఇష్టపడే తిండి గురించి చెప్పేచోట కారం, పులుపు, ఉప్పు పేర్లు వస్తాయి నిజమే. అక్కడ "అతి" అన్న మాటను అన్నిటికీ కలుపుకోవాలని శంకరాచార్యులు భాష్యంలో రాశారు. తప్పు ఉప్పుది కాదు, మితిమీరడానిది. కొత్త రుచి పిల్లలకు అలవాటు కావడానికి పది పన్నెండు సార్లు కూడా పట్టవచ్చు. చిటికెడు పెట్టడం, వద్దంటే ఊరుకోవడం, మరో రోజు మళ్ళీ పెట్టడం. బతిమాలడాలు, లంచాలు అక్కర్లేదు.

రుచితో పాఠం చెప్పిన తండ్రి ఒకరు ఛాందోగ్యోపనిషత్తులో ఉన్నారు. ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువు చేత నీళ్ళలో ఉప్పు వేయించి, పొద్దున్నే రమ్మంటాడు. మర్నాడు, రాత్రి వేసిన ఉప్పు తెమ్మంటాడు. కొడుకు వెతికితే దొరకదు. అప్పుడు పైనుంచి ఒక గుక్క, మధ్యలోంచి ఒక గుక్క, అడుగునుంచి ఒక గుక్క తాగమని, ప్రతిసారీ ఒకటే అడుగుతాడు: "కథమితి", ఎలా ఉంది? ప్రతిసారీ జవాబు "లవణమితి", ఉప్పగా ఉంది. కంటికి కనబడని సత్తు, అంటే అన్నిటికీ మూలమైన ఉనికి, ఇక్కడే ఉందన్న మాట ఆ తర్వాతే చెప్పాడు. శ్వేతకేతువు అప్పటికే పన్నెండేళ్ళు గురుకులంలో చదివి, 24 ఏళ్ళ వయసులో వేదాలన్నీ వచ్చన్న ధీమాతో ఇంటికొచ్చినవాడు. అంత చదివినవాడికే ముందు రుచి చూపించి, తర్వాత మాట చెప్పాడా తండ్రి. మనమేమో నాలుగేళ్ళవాడి నోట్లో ముద్ద పెడుతూనే "తియ్యగా ఉంది కదూ?" అని జవాబు కూడా మనమే అందించేస్తాం.