ఒకే ఇంటికి రెండు ప్రయాణాలు

ఆదివారం ఉదయం తొమ్మిదింటికల్లా ఏజెంటు కారు తెచ్చాడు. నాలుగు ఇళ్లు చూపించి మధ్యాహ్నానికి తిరిగి దింపేస్తానన్నాడు. నేను నోటుపుస్తకం, మా ఆవిడ కొలత టేపు పట్టుకుని ఎక్కాం. పేజీ మధ్యలో గీత కొట్టి ఇటు లాభాలు, అటు నష్టాలు అని రాసుకున్నాను.

మొదటిది గ్రౌండ్ ఫ్లోర్. మెట్లెక్కే పని లేదు, పెద్దవాళ్లకి సుఖం. లోపలికి అడుగుపెట్టగానే కొత్త రంగు వాసన కొట్టింది. ఒక్క గోడకే, అదీ నడుం ఎత్తు దాకానే వేశారు. చెయ్యి ఆనిస్తే చల్లగా తగిలింది. గోడ అడుగున తెల్లటి పొడి. నేలలోంచి గోడలోకి పాకిన నీరు ఆరిపోతూ వదిలిపెట్టే ఉప్పు అది. "చెమ్మ ఉందండీ, గాలి కూడా ఆడదు" అని ఏజెంటే చెప్పేశాడు. ఎంత నిజాయితీపరుడో అని మురిసిపోయాను. ఆ ఇల్లు వేరే ఏజెంటు చేతిలో ఉందని, అమ్ముడైతే ఇతనికి సగం కమిషనే వస్తుందని కారులో మాటల మధ్య బయటపడింది.

రెండోది లిఫ్టు లేని నాలుగో అంతస్తు. మా ఆవిడ రెండో అంతస్తులోనే ఆగిపోయి "మీరు చూసి రండి" అంది. అక్కడితో సరి.

మూడోది మాత్రం ఇద్దరికీ నచ్చేసింది. చివరి అంతస్తులో మూల ఇల్లు. రెండు వైపులా కిటికీలు, హాలు నిండా వెలుతురు. "నెత్తిన అడుగుల చప్పుడుండదు సార్" అన్నాడు ఏజెంటు. నిజమే. కానీ అడుగులు లేని చోట స్లాబు మీద నేరుగా ఎండ ఉంటుంది, వాన కూడా. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి చూశాను. షవరు సన్నబడిపోయింది. ట్యాంకు దగ్గర్లో ఉంటే నీళ్లు జోరుగా వస్తాయనుకుంటాం గానీ, ట్యాంకు మనకంటే ఎంత ఎత్తున ఉంటే అంత జోరు. ఇక్కడ అది సరిగ్గా మా నెత్తి మీదే ఉంది.

ఈలోగా మా ఆవిడ టేపుతో గదులన్నీ కొలిచేసింది. కాగితం మీద 1,100 చదరపు అడుగులు. మేం కొలిస్తే కాలు పెట్టగలిగే నేల 830 దగ్గర తేలింది. మిగతాదంతా గోడల మందం, మెట్లు, లిఫ్టు, వరండాల్లో మన వాటా అట. ఇందులో మోసం లేదు, కానీ మంచం వేసుకునేది మెట్ల మీద కాదు కదా.

నాలుగో ఇంట్లో కిటికీ మూలనుంచి ఏటవాలుగా పగులు కనబడింది. ప్లాస్టరు ఆరినప్పుడు వచ్చే వెంట్రుకవాసి గీతలైతే నేనూ పట్టించుకోను. ఇందులో నోటుపుస్తకం అట్ట దూరింది. గోడ బయటివైపూ అదే పగులు. పునాది సంగతి ఇంజనీరు చూడకుండా ముందుకెళ్లకూడదని బయటికొచ్చేశాం.

ఇంటికొచ్చాక మూడో ఇంటి పేజీయే తిప్పి తిప్పి చూసుకున్నాం. అప్పుడు తట్టింది, మేం అక్కడున్నది పదకొండింటికి. హాలేమో పడమర వైపు. ఎండ ఇంకా అటు తిరగనే లేదు. బుధవారం సాయంత్రం మళ్లీ చూస్తామంటే "ఆదివారమైతే ప్రశాంతంగా ఉంటుంది సార్" అన్నాడు. ఆ ప్రశాంతతే కదా నా అనుమానం!

ఈసారి బస్సులో వెళ్లాం. ఆదివారం కారులో పది నిమిషాలు పట్టిన దారికి ముప్పావు గంట పట్టింది, అదీ నిలబడి. వీధి మొదట్లో అప్పుడు మూసి ఉన్న షట్టరు ఇప్పుడు తెరిచి ఉంది. లోపల వెల్డింగ్ పని. పైకెళ్లి కిటికీ తీస్తే ఆ చప్పుడు, మూస్తే ఉక్క. పడమటి గోడ మీద చెయ్యి నిలవలేదు.

ఏజెంటు హాలు గురించి చెప్పినంతసేపూ వంటగది గుమ్మంలోనే ఉండిపోయాడు. దిగేటప్పుడు మా ఆవిడ మెల్లగా అంది, "ఆయన ఎక్కడ నిలబడ్డాడో చూశారా?"

తిరుగు బస్సులో పుస్తకం తెరిచాను. లాభాల కింద మొదటి మాట వెలుతురు. నష్టాల కిందా అదే రాయాల్సి వచ్చింది.

మర్నాడు ఏజెంటు ఫోను చేశాడు. కొత్తది ఒకటి వచ్చిందట, ఆదివారం పొద్దున్నే ఖాళీయేనా అని అడిగాడు.

"బుధవారం అయిదింటికి వస్తాం," అన్నాను, "బస్సులో."