110 మంది, ఒకటే సందు

ఆదివారం, రాత్రి 11:40

పొద్దున రాసుకున్న పనుల్లో అయింది ఒక్కటే. బట్టలు వాషింగ్ మెషీన్‌లో వేశాను. అది కూడా సగమే అయిందని ఇందాకే గుర్తొచ్చింది.

మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, ఒక్క గేమ్" అన్నాడు. వాడి 'ఒక్క గేమ్' ఎంతసేపో తెలిసి కూడా సరే అన్నాను. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, ఊరు కట్టి సైన్యం పెంచి ఎదుటివాడితో యుద్ధం చేసే కంప్యూటర్ ఆట. 1999లో వచ్చింది, మేమిద్దరం ఇప్పటికీ వదల్లేదు. ఒక్కొక్కరికీ పాపులేషన్ (పనివాళ్లూ సైన్యమూ కలిపి) 200 పెట్టుకుని ఇద్దరమే ఆడతాం. నేను గోడలు కట్టుకుని నింపాదిగా పెద్ద సైన్యం తయారుచేసుకునే రకం. వాడు గుర్రాలెక్కించి ఊరంతా తిప్పే రకం.

గంట దాటేసరికి నా దగ్గర 90 మంది విలేజర్లు (తిండి, కలప తెచ్చే పనివాళ్లు), 110 మంది సైన్యం. అందులో 60 ఆర్బలెస్ట్‌లు (విలుకాళ్లు), 40 హాల్బర్డియర్లు (ఈటెగాళ్లు), 6 ఆనగర్లు (రాళ్లు విసిరే బండ్లు), 4 ట్రెబ్‌లు (విప్పి నిలబెడితేనే రాళ్లు విసిరే పెద్ద యంత్రాలు). వాడిదంతా పాలడిన్‌లే, అంటే బరువైన గుర్రపు దళం, 80 ఉంటాయి. గుర్రాలకి నా ఈటెగాళ్లంటే హడల్, లెక్క కూడా నాదే ఎక్కువ. కాఫీ తాగుతూ గెలిచే యుద్ధం అనుకున్నాను.

మధ్యలో రెండు అడవుల నడుమ ఒక సన్నటి సందు ఉంది. ముందు ఆర్బలెస్ట్‌లని సెలెక్ట్ చేసి ఆ సందు అవతలికి పంపాను. ఈటెగాళ్లని కూడా పంపేలోపు కలప నిండుకుందని కనిపించింది. అటు వెళ్లి ఓ పది మందిని చెట్ల మీదికి తోలి, ఆ పక్కనే ఖాళీగా నిలబడ్డ ఇద్దరిని కూడా పనిలో పెట్టి వచ్చాను. పది సెకన్లు పట్టిందేమో. తర్వాత ఈటెగాళ్లని పంపాను.

అక్కడే కొంప మునిగింది. ఆర్బలెస్ట్‌లు సందులో బారుగా దూరాయి. గుర్రాలు రేంజ్‌లోకి రాగానే ముందున్న పదిహేను మంది ఆగి బాణాలు వెయ్యడం మొదలుపెట్టారు. వెనకున్న 45 మందికి రేంజ్ అందక ముందుకు తోసుకుంటున్నారు, దారి లేదు. వాళ్ల వెనక నా 40 మంది ఈటెగాళ్లు, పెళ్లిలో భోజనాల బంతి దగ్గర రెండో విడత వాళ్లలా నిలబడ్డారు. గుర్రాలు ముందు వరసని తినేస్తుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కంగారులో ఆనగర్లన్నీ పట్టుకుని ఆ గుర్రాల గుంపు మీద క్లిక్ చేశాను. ఆనగర్ రాయికి మనవాళ్లూ పరాయివాళ్లూ అనే తేడా ఉండదు. ఆరు రాళ్లు లేచాయి, గాల్లో ఉండగానే ఎక్కడ పడతాయో అర్థమైంది. అవి పడేటప్పటికి గుర్రాలు చావలేదు గానీ, మిగిలిన నా విలుకాళ్లలో సగం మంది లేరు. ట్రెబ్‌లు నాలుగూ ఆఖరి వరకూ మడిచిన బండ్లలాగే నిలబడ్డాయి, వాటిని విప్పమని చెప్పడమే మర్చిపోయాను.

"అక్కా, నాకు హెల్ప్ చేసినందుకు థాంక్స్" అన్నాడు వాడు.

లాంచెస్టర్ అని ఒక ఇంగ్లండ్ ఇంజనీరు 1916లో ఒక లెక్క రాశాడు. రెండు పక్షాలూ దూరం నుంచి కాల్చుకునేటప్పుడు బలం మనుషుల సంఖ్యని బట్టి కాదు, ఆ సంఖ్య వర్గాన్ని బట్టి ఉంటుందని. 60 మంది 40 మందితో తలపడితే 3600 లోంచి 1600 పోను 2000, దాని వర్గమూలం దాదాపు 45. అంటే 40 మందినీ చంపేశాక కూడా గెలిచినవాళ్లలో 45 మంది మిగులుతారు. ఇది చదివిన రోజు నుంచీ నాకు సైన్యం పెంచడం మీద పిచ్చి. దానికో షరతు ఉంది, అందరికీ ఒకేసారి కాల్చే వీలుండాలి. సందులో కాలుస్తున్నది పదిహేను మందే అయితే నా వర్గం 3600 కాదు, 225. మిగతా 45 మందీ లెక్కలో లేరు, జనంలో ఉన్నారంతే.

పాత ఆటల్లో ఇలా గుంపంతా ఒక్క క్లిక్‌లో తోలే గొడవే లేకుండా చేశారని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. 1994 నాటి మొదటి వార్‌క్రాఫ్ట్‌లో ఒకేసారి నలుగురినే సెలెక్ట్ చెయ్యగలం, రెండో దాంట్లో తొమ్మిది మందిని. 1998లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్‌లో పన్నెండు. అందులోని వంద జెర్గ్‌లింగ్‌లని (గుంపులుగా వచ్చే చిన్న జీవులు) దాడికి పంపాలంటే తొమ్మిది సార్లు పట్టుకుని తొమ్మిది సార్లు పంపాలి. తమ్ముడికి అది నరకం. నాకు మాత్రం ఆ ఇబ్బందిలోనే ఏదో మేలుందనిపిస్తుంది, పన్నెండు మందిని పట్టుకున్నప్పుడు వాళ్లెక్కడ నిలబడ్డారో చూస్తాం. అంతా ఒక్క క్లిక్‌లో కదిలితే చూడబుద్ధి కాదు. ఇది నా చేతకానితనానికి సాకు కూడా కావచ్చు.

రెండో ఆటలో పంతం పట్టాను. ఈటెగాళ్లు 1, ఆర్బలెస్ట్‌లు 2, ఆనగర్లు 3, ట్రెబ్‌లు 4 అని గ్రూపులు కట్టుకున్నాను. సందు దాటేటప్పుడు ముందు ఒకటో గ్రూపుని పంపి, అవతల విశాలమైన చోట ఆపి, కొడవలి ఆకారంలో పరిచాను. వాళ్ల వెనక రెండో గ్రూపు, అందరికీ రేంజ్ అందేలా. ఆనగర్లని ఇంకా వెనక్కి లాగి, నేను చెప్తే తప్ప కొట్టకుండా కట్టడి చేశాను. ట్రెబ్‌లు విప్పేశాను. నిజం చెప్పాలంటే ముచ్చటేసింది. జూమ్ చేసి ఓసారి అటు నుంచి ఇటు చూసుకున్నాను కూడా.

గుర్రాలు వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే పోయాయి. నావాళ్లు ముప్ఫై మంది పోయారేమో, అంతే. నేను కుర్చీలోంచి లేచి ఏదో అరిచాను.

అవతల తమ్ముడు మాట్లాడలేదు. కాసేపాగి "అక్కా, నువ్వు యుద్ధం చేస్తున్నావా, ఫొటోలు తీసుకుంటున్నావా?" అన్నాడు.

స్క్రీన్ పైన పాపులేషన్ చూస్తే గుండె జారింది. 90 మంది విలేజర్లలో 31 మందే ఉన్నారు. వాడు డజను హుస్సార్లని (వేగంగా పరిగెత్తే తేలికపాటి గుర్రాలు) గోడలో ఎక్కడో కన్నం చేసుకుని పొలాల్లోకి వదిలాడు. యుద్ధానికి పంపిన గుర్రాలు నన్ను అక్కడ కూర్చోబెట్టడానికట. విలేజర్లందరినీ లోపల దాక్కోమని టౌన్ బెల్ కొట్టాను. ఒక టౌన్ సెంటర్‌లో 15 మందికే చోటు, రెండింట్లో కలిపి 30 మంది దూరారు. ఒకడు బయట మిగిలాడు, వాడూ ఎంతోసేపు మిగల్లేదు. ఆ తర్వాత పావుగంట ఆడాను గానీ తిండి లేని సైన్యంతో చేసేదేముంది? జీజీ (గుడ్ గేమ్) అని ఓటమి ఒప్పుకున్నాను.

రాత్రి ఒక్కదాన్నే కూర్చుని రీప్లే చూశాను. మినీమ్యాప్ మూలలో చుక్కలు నలభై సెకన్ల పాటు మెరుస్తూనే ఉన్నాయి. ఆ దాడి హారన్ కూడా మూడుసార్లు మోగింది. నేను అప్పుడు కొడవలి ఎడమ కొసలో ఇద్దరు ఈటెగాళ్లు కొంచెం ముందుకొచ్చారని సరిచేస్తున్నాను. అంత శబ్దం ఎలా వినిపించలేదా అని వాల్యూమ్ పెంచి మళ్లీ చూశాను. హారన్ తర్వాత సన్నగా ఇంకో శబ్దం వినిపించింది, కూ కూ కూ అని. ఇది ఆటలోది కాదే అని ఆపి చూస్తే, ఇప్పుడు కూడా వస్తోంది, బాల్కనీ వైపు నుంచి.

వాషింగ్ మెషీన్. మధ్యాహ్నం నుంచీ పిలుస్తూనే ఉంది పాపం. వెళ్లి ఆరెయ్యాలి, లేదా మళ్లీ ఉతకాలి, వాసన చూస్తే గానీ చెప్పలేను.