లిస్మోర్ కోట లింకు డాక్యుమెంట్లు

కావలిలో దస్తావేజులు రాసుకుని బతికే నాబోటివాడికి ఏ ఆస్తి పేరు విన్నా ముందు దాని లింకు డాక్యుమెంట్లు చూడాలనే అనిపిస్తుంది. మన పిల్లలు ఇంటర్‌లో కంఠతా పట్టే బాయిల్ నియమానికి పేరిచ్చిన రాబర్ట్ బాయిల్, 1627 జనవరి 25న ఐర్లండ్‌లోని లిస్మోర్ కోటలో పుట్టాడని ఒకచోట చదివినప్పటి నుంచి ఆ కోట ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో వెతుకుతూ వచ్చాను. ఎనిమిది శతాబ్దాలు దాటిన ఆ కథలో దండయాత్ర ఉంది, కౌలు ఉంది, జప్తు ఉంది, పెళ్లి ఉంది. డబ్బిచ్చి కొనుక్కున్న ఘట్టం మాత్రం నాకు ఒక్కటే కనిపించింది.

వాటర్‌ఫర్డ్ కౌంటీలో బ్లాక్‌వాటర్ నది ఒడ్డున ఏడవ శతాబ్దం నుంచి ఒక ప్రసిద్ధ క్రైస్తవ మఠం ఉండేది. ఇంగ్లండు రాజు రెండవ హెన్రీ కొడుకు జాన్ 1185లో అక్కడ కోట కట్టించాడు. తరువాత అది బిషప్పుల నివాసమై, చాలాకాలం చర్చి ఆస్తిగానే సాగింది. పదహారవ శతాబ్దం చివరలో డెస్మండ్ ఎర్ల్ (ఎర్ల్ అంటే మన జమీందారులాంటి బిరుదు) తిరుగుబాటు చేసి 1583లో హతుడయ్యాక, మన్‌స్టర్ ప్రాంతంలో అతని భూములను రాణి ఎలిజబెత్ ప్రభుత్వం జప్తు చేసి తనకు కావలసినవారికి పంచింది. ఆ పంపకంలో పెద్ద వాటా దక్కినవారిలో రాణి కొలువులోని వాల్టర్ రాలీ ఒకడు. లిస్మోర్ కోటను 1589లో బిషప్పు నుంచి కౌలుకు తీసుకున్నదీ అతడే.

అమ్మకం జరిగింది 1602లో. దాదాపు 42,000 ఎకరాలతో సహా కోటను రాలీ 1,500 పౌన్లకు రిచర్డ్ బాయిల్‌కు అమ్మేశాడు. పౌనుకు 240 పెన్నీల లెక్కన ఎకరం తొమ్మిది పెన్నీలు కూడా పలకలేదన్నమాట. ఈ కొనుగోలుదారు సామాన్యుడు కాడు. 1588లో చేతిలో 27 పౌన్ల చిల్లరతో డబ్లిన్‌లో దిగానని తానే రాసుకున్నాడు. అక్కడ అతనికి దొరికిన ఉద్యోగం, రాణికి చెందవలసి ఉండీ ఇతరుల అనుభవంలో మిగిలిపోయిన భూములను, హక్కు పత్రాల్లో లొసుగులున్న భూములను వెతికి పట్టే అధికారి కింద సహాయకుడి పని. పరాయి కాగితాల్లోని తప్పులు పట్టడమే వృత్తిగా ఉన్నవాడు కొద్ది ఏళ్లలోనే తానే భూస్వామి అయిన తీరు చూస్తే, నేరం రుజువు చేయలేకపోయినా, మా వృత్తిలో ఉన్నవాళ్లకు అనుమానం రాక మానదు. ఆనాటి శత్రువులకూ వచ్చింది. అతన్ని జైల్లో కూడా పెట్టించారు.

అయితే అతని జాగ్రత్తను మాత్రం మెచ్చుకోవలసిందే. అమ్మిన మరుసటి ఏడాదే, 1603లో, రాలీ రాజద్రోహం కింద శిక్షపడి సర్వస్వం పోగొట్టుకున్నాడు. అమ్మిన మనిషి ఆస్తి జప్తయితే కొన్నవాడికి ముచ్చెమటలు పడతాయి. బాయిల్ ఊరుకోకుండా కొత్త రాజు జేమ్స్ దగ్గర ఆ భూములన్నిటికీ తన పేర హక్కు పత్రం పుట్టించుకున్నాడు. 1620లో కార్క్ ఎర్ల్ బిరుదు కూడా సంపాదించాడు. శాస్త్రవేత్త రాబర్ట్ ఇతని పద్నాలుగో సంతానం.

1641లో మొదలైన తిరుగుబాటులో కోట ముట్టడికి గురైంది, 1645లో దోపిడీకి గురైంది. కుటుంబం మళ్లీ బాగు చేయించుకుంది. ఆ యుద్ధకాలంలోనే చేతులు మారిన మరో ఆస్తి గురించి ఇక్కడే చెప్పాలి. మెకార్తీ వంశపు పెద్ద కోసం పదిహేనవ శతాబ్దంలో రాసిన ఒక ఐరిష్ తాళపత్రంలాంటి అపురూప గ్రంథాన్ని, అంటే తోలు పుటల మీద రాసిన సంపుటాన్ని, 1642లో కిల్‌బ్రిటన్ కోట పట్టుబడినప్పుడు బాయిల్ కొడుకు ఒకడు చేజిక్కించుకుని తండ్రికి పంపాడు. 1814లో లిస్మోర్ కోటకు మరమ్మతులు చేస్తున్న పనివాళ్లు గోడ కట్టి మూసేసిన ఒక ద్వారాన్ని తెరిస్తే, లోపల ఒక పెట్టెలో ఆ గ్రంథమూ, సుమారు 1100 నాటి ఒక బిషప్పు చేతికర్రా దొరికాయి. యుద్ధంలో గెలిచినవాడు పవిత్ర వస్తువును తన ఇంటికి తీసుకుపోవడం మన జిల్లాకు కొత్త కాదు. 1514లో గజపతుల నుంచి ఉదయగిరిని గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తరలించి గుడి కట్టించాడు. లిస్మోర్ గ్రంథం మాత్రం 2020లో కార్క్ విశ్వవిద్యాలయానికి దానంగా చేరింది.

బాయిళ్ల తరువాతి మార్పుకు కత్తీ అక్కర్లేకపోయింది, డబ్బూ అక్కర్లేకపోయింది. మన వైపు ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద ఎకరమో అరెకరమో రాసిస్తే గొప్ప. 1748లో డెవన్‌షైర్ డ్యూకుల (డ్యూక్ అంటే ఎర్ల్ కన్నా పెద్ద బిరుదు) కావెండిష్ వంశంలోకి కోడలిగా వెళ్లిన చార్లెట్ బాయిల్‌కు, 1753లో తండ్రి, బాయిల్ వంశీకుడే అయిన బర్లింగ్టన్ ఎర్ల్ పోగానే, లిస్మోర్ ఆస్తంతా వారసత్వంగా వచ్చింది. మరుసటి ఏడాదే ఆమె 23 ఏళ్ల వయసులో మశూచితో కన్నుమూసింది. భర్త 1755లో డెవన్‌షైర్ డ్యూక్ అయ్యాడు; ఆమె కన్న కొడుకు తరువాతి డ్యూక్ అయ్యాడు. ఒక అమ్మాయి ఏడాది పాటు హక్కుదారుగా ఉన్నందుకు కోట ఆ ఇంటిపేరు కిందికి వెళ్లి, ఇప్పటికీ అక్కడే ఉంది. ఈ రోజు మనకు ఫొటోల్లో కనిపించే బురుజులు చాలావరకు పంతొమ్మిదో శతాబ్దంలో ఆరవ డ్యూక్ కట్టించినవే.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది ఆస్తి వివరాల షెడ్యూలు. కోటా, తోటలూ సరే, బ్లాక్‌వాటర్ నదిలో చాలా దూరం వరకు నదీగర్భం మీద, చేపల వేట మీద హక్కు కూడా రాలీ, బాయిళ్ల ద్వారా సంక్రమించిందని డెవన్‌షైర్ వంశం చెబుతుంది. దాని మీద స్థానిక జాలరులకు ఏనాటి నుంచో అభ్యంతరం ఉంది. పెన్నా నదినో, మన్నేరు వాగునో హద్దుల్లో కలిపి దస్తావేజు రాయమని ఎవరైనా నా దగ్గరికి వస్తే, అది ప్రభుత్వ పోరంబోకు, రిజిస్ట్రేషను కాదని చెప్పి మొదటి నిమిషంలోనే పంపించేస్తాను.