గ్లాకడమంటే ఏమిటి?

శనివారం. రాత్రి పదకొండు కావస్తోంది.

పేపర్ల కట్ట సంచిలో సర్దేశాను. ఒక్క పేపరు మాత్రం ఇంకా బల్ల మీదే, ఉప్పు డబ్బా కింద ఉంది. దాని సంగతి తరువాత. ముందు పొద్దున్న జరిగింది రాసుకోవాలి, లేకపోతే రేపటికి గుర్తుండదు.

మొదటి పీరియడ్ పదో తరగతిది. పబ్లిక్ పరీక్షలకు నెల రోజులే ఉంది. చూడని పేరా ఇచ్చి ప్రశ్నలకు జవాబులు రాయించే పని నడుస్తోంది. ఇందులో మా పిల్లలు గట్టివాళ్లు. మిగతా చోట్ల తప్పినా ఇక్కడ మార్కులు పోనివ్వరు. అదే నాకు రెండు రోజులుగా కలత. గురువారం ఒక పిల్లవాడికి అయిదుకు అయిదు వచ్చాయి. ఆ పేరా గురించి తెలుగులోనే, "ఇంతకూ ఆ ముసలాయన ఎందుకు ఏడ్చాడురా?" అని అడిగాను. వాడు కొంచెంసేపు నా మొహం చూసి, "అందులో ముసలాయన ఉన్నాడా మేడమ్?" అన్నాడు.

అందుకని ఈ రోజు బోర్డు మీద ఒక దొంగ పేరా రాశాను. ఇంగ్లిషులో లేని మాటలతో, ఇంగ్లిషు వాక్యంలాగే కనిపించేట్టు నాలుగు వాక్యాలు కల్పించాను. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: ఒక మిన్ను ప్లిమ్ములో టోరును గ్లాకింది, ఎందుకంటే టోరు బాగా డ్రస్సిగా ఉంది. కింద ప్రశ్నలు. టోరును ఎవరు గ్లాకారు? ఎక్కడ? ఎందుకు?

క్లాసంతా చేతులు లేపింది. మిన్ను! ప్లిమ్ములో! డ్రస్సిగా ఉంది కాబట్టి! ఒక్క తప్పు లేదు. నోటు పుస్తకాల్లో పూర్తి వాక్యాలుగా, మొదట పెద్ద అక్షరంతో, చివర చుక్కతో రాశారు. దిద్దాల్సి వస్తే అందరికీ పూర్తి మార్కులు వేయాల్సిందే.

నేను నవ్వాలో తల పట్టుకోవాలో తేల్చుకోలేక సుద్దముక్క చేతిలో పట్టుకొని నిలబడ్డాను. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒకడు, చెయ్యి కూడా లేపకుండా, "మేడమ్, గ్లాకడమంటే ఏమిటి?" అన్నాడు. పక్కవాడు వాడి మోచేతి మీద పొడిచాడు, పరీక్షలో అడగనిదాన్ని అడిగి పీరియడ్ పాడుచేయవద్దన్నట్టు.

ఈ కిటుకు పిల్లలు కనిపెట్టింది కాదు. నేనే నేర్పాను. ప్రశ్న 'వేర్'తో మొదలైతే పేరాలో 'ఇన్', 'ఎట్' వెదకండి, 'వై' అంటే 'బికాజ్' దగ్గర ఆగండి, 'హూ' అంటే పెద్ద అక్షరంతో మొదలయ్యే పేరు చూడండి అని సీ గ్రేడు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని ప్రతి ఏడూ చెబుతాను. 35 మార్కుల గీత దాటకపోతే జూన్‌లో సప్లిమెంటరీ రాయాలి. ఈలోగా ఆడపిల్ల అయితే పెళ్లి మాట, మగపిల్లవాడు అయితే ఏదో షాపులో పని మాట వస్తుంది. ఇటువైపు నూరు శాతం ఫలితాల కోసం సమీక్షలు. కిటుకు నేర్పకుండా ఎలా ఉంటాను? నేర్పినందుకు నాకేమీ సిగ్గు లేదు. కానీ గీత దాటే పిల్లలకూ అదే నేర్పానే, అదీ గుచ్చుకుంటున్నది.

సీఫెల్‌లో దూరవిద్య కోర్సు చేసిన రోజులు గుర్తొచ్చాయి. హైదరాబాదులో 1958లో ఇంగ్లిషు బోధన కోసమే పెట్టిన సంస్థ అది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయి పేరు ఇఫ్లూగా మారినా, మా వయసు టీచర్ల నోట ఇంకా సీఫెలే. సెలవుల్లో కాంటాక్టు తరగతులకు వెళ్లినప్పుడు అక్కడ చదవడంలోనే రకాలు ఉంటాయని చెప్పారు. మొత్తం మీద ఏం చెబుతున్నాడో పట్టుకోవడానికి పైపైన చదవడం ఒకటి, దాని పేరు స్కిమ్మింగ్. కావలసిన ముక్క ఎక్కడ ఉందో కళ్లతో వెదకడం ఇంకొకటి, దాని పేరు స్కానింగ్. ఆ తరువాత నింపాదిగా చదివేది, రాసినవాడు చెప్పకుండా వదిలేసినదాన్ని ఊహించేది. ఆ నోట్సు నా దగ్గర ఇంకా ఉంది. మా పిల్లలకు మాత్రం స్కానింగ్ ఒక్కటే వచ్చింది. పేపరును ఆస్పత్రి మిషనులా ఈ చివర నుంచి ఆ చివరకు స్కాన్ చేసేస్తారు. రోగి ఎవరో తెలియదు.

ఇక వినడం, మాట్లాడడం గురించి చెప్పుకోవడమే దండగ. శిక్షణకు వెళ్లిన ప్రతిసారీ నాలుగు నైపుణ్యాలూ వరసగా చెప్పిస్తారు. తీరా మార్చిలో పిల్లవాడి ముందుకు వచ్చేది రాత పరీక్ష ఒక్కటే. వాడు పదేళ్లలో ఒక్క వాక్యం నోరు తెరిచి మాట్లాడకపోయినా మంచి మార్కులు తెచ్చుకోవచ్చు. పొద్దున ప్రార్థనలో వార్తలు చదివే ఇద్దరు ముగ్గురికే ఇంగ్లిషులో తమ గొంతు ఎలా ఉంటుందో తెలుసు.

విరామంలో సైన్సు టీచరు పట్టుకుంది. "మీ పిల్లలకు 'డిఫైన్'కూ 'డిస్టింగ్విష్'కూ తేడా తెలియడం లేదండీ. తేడాలు రాయమంటే నిర్వచనం రాసి ఊరుకుంటున్నారు" అంది. ప్రశ్నపత్రాల్లో తప్పు వస్తే వాళ్లు నా పిల్లలు, ప్రయోగాల్లో బహుమతి వస్తే ఆవిడ పిల్లలు. కానీ ఆమె మాటలో నిజం ఉంది. వీళ్లు ఏడో తరగతిలో ఉండగా, 2022లో, మా తెలంగాణ ప్రభుత్వ బడులన్నిటా ఇంగ్లిషు మీడియం వచ్చింది. ఒక పేజీలో ఇంగ్లిషు, ఎదురుగా తెలుగు ఉన్న లావుపాటి పుస్తకాలు ఇచ్చారు. ఆ ఎదురుపేజీ పుణ్యాన చాలామంది గట్టెక్కారు. పరీక్ష కాగితానికి ఎదురుపేజీ ఉండదు కదా. మార్కుల మెమోలో ఇంగ్లిషు ఇంకా తృతీయ భాషే. ఆ మూడో భాషలోనే లెక్కలూ, సైన్సూ, సోషలూ రాయాలి.

మధ్యాహ్నం పాఠాల పునశ్చరణ. ఈ రోజు వంతు పి. సత్యవతి గారి కథది. తెలుగులో 'ఇల్లలకగానే'. మా పదో తరగతి ఇంగ్లిషు పుస్తకంలో అది 'వాట్ ఈజ్ మై నేమ్' అయింది. ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒకావిడ తన పేరు మరచిపోతుంది. ఎవరిని అడిగినా అమ్మ అనో, ఫలానా ఇంటావిడ అనో అంటారు తప్ప పేరు చెప్పరు. చివరికి చిన్ననాటి స్నేహితురాలు "శారదా" అని పిలిచి గుర్తుచేస్తుంది. అసలు పేరు తెలుగులో ఏమిటో తెలిస్తే సరదాపడతారని "ఇల్లలకగానే" అని బోర్డు మీద రాశాను. ఒక పిల్లవాడు లేచి, "ఇంట్లో అలిగితే పేరెందుకు మరచిపోతారు మేడమ్?" అన్నాడు.

అలకడానికీ అలగడానికీ తేడా చెప్పడానికి పావుగంట పట్టింది. పేడ, ఎర్రమన్ను, చెయ్యి అర్ధచంద్రంలా తిప్పడం అన్నీ అభినయించాను. వీళ్లలో చాలామంది బండలు పరచిన ఇళ్లలో పుట్టారు. అలికిన నేల చూసినవాళ్లు నలుగురే, అదీ అమ్మమ్మల ఊళ్లో. ఇల్లలకగానే పండగ కాదు అన్న సామెత ఇద్దరికి తెలుసు. ఇంగ్లిషు పీరియడ్‌లో తెలుగు చెప్పినందుకు నన్ను ఎవరైనా తప్పుపడితే పట్టనీ. ఆ సామెత తెలియనివాడికి ఆ తెలుగు పేరులోని వెటకారం అందదు. ఇంగ్లిషు పేరులోకి అది రానే లేదు, ప్రశ్న ఒక్కటే వచ్చింది.

సాయంత్రం స్పెషల్ క్లాసు. ఉడకబెట్టిన శనగలు పెట్టారు. తిన్నాక ఒకటే ప్రశ్న ఇచ్చాను, పది మార్కులకు: మీరే శారద అనుకొని, పేరు గుర్తొచ్చిన రోజు రాత్రి డైరీ రాయండి. పాఠం నుంచి డైరీ, ఉత్తరం, సంభాషణ రాయించడం పబ్లిక్ పరీక్షలో మామూలే. వాటిని మేము డిస్కోర్సులు అంటాం. పేరు గంభీరంగా ఉంటుంది.

ఇంటికి వచ్చి, వంట చేసి, తొమ్మిదింటికి దిద్దడానికి కూర్చున్నాను. ముప్పై ఆరు పేపర్లు. అందులో ముప్పై ఒకటి ఒకే వాక్యంతో మొదలయ్యాయి: ఈ రోజు నా జీవితంలో మరువలేని రోజు. రెండో వాక్యం: నా సంతోషానికి అవధులు లేవు. చివరి వాక్యం: ఇక నిద్ర వస్తోంది, శుభరాత్రి. నడుమ ఖాళీలో శారద అన్న పేరు అతికించారు. ఇదే చట్రంలో రేపు రైతు పేరో, క్రికెట్ ఆటగాడి పేరో అతికిస్తారు. శవయాత్ర చూసిన రోజు డైరీ రాయమన్నా సంతోషానికి అవధులు ఉండవు. అంతకుముందు పరీక్షలో ఒకడు నిజంగానే అలా రాశాడు.

పదో పేపరు దగ్గర అనుమానం వచ్చింది. 'మరువలేని' అన్న ఇంగ్లిషు మాటలో 'టీ' అక్షరం రెండుసార్లు రావాలి. అందరూ ఒకటే వేశారు. ఒకరిని చూసి ఒకరు రాశారా అనుకున్నాను. ఒక పిల్లవాడి నోటు పుస్తకం సంచిలో ఉంటే తీసి, ఆ చట్రం రాయించిన రోజు పేజీ వెదికాను. అక్కడా ఒకటే 'టీ'. ఆ పిల్లవాడు బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు దించే రకం. అంటే బోర్డు మీద తప్పు రాసింది నేను. నవంబరులో ఏదో హడావిడిలో ఒక అక్షరం మింగేస్తే అది ఇరవై ఎనిమిది కాగితాల మీద మొలిచింది. మిగతా ముగ్గురు ఆ మాటను ఇంకోరకంగా తప్పు రాశారు, వాళ్లకు నేను రుణపడి ఉన్నాను.

ఎర్రపెన్ను పక్కన పెట్టి మంచినీళ్లు తాగి వచ్చాను.

ఇక మిగిలిన అయిదింటిలో మూడు తెల్లకాగితాలకు దగ్గరివి. ఒకటి కథనే దించింది. ఆఖరిది ఈ ఉప్పు డబ్బా కింది పేపరు. మూడో వరసలో గోడ పక్కన కూర్చునే అమ్మాయిది. తేదీ లేదు, 'డియర్ డైరీ' లేదు. శారదలా రాయమంటే ఆ సంగతే వదిలేసింది. తప్పుల తడక. అయినా నేను రెండుసార్లు చదివాను. తెలుగులో పెడితే ఇది:

"మా ఇంట్లో మా అమ్మ పేరు ఎవరూ పిలవరు. నాన్న ఓయ్ అంటాడు. నానమ్మ ఏమీ అనకుండా దగ్గుతుంది. ఎండాకాలం అమ్మ ఉపాధి పనికి వెళ్తుంది. నేను సద్ది తీసుకొని వెళ్లాను. మేటు కాగితం చూసి పేర్లు పిలిచాడు. అమ్మ పేరు పిలిచాడు. అమ్మ ఉన్నా అని గట్టిగా అరిచింది. ఇంట్లో అంత గట్టిగా మాట్లాడదు. నేను నవ్వాను. అమ్మ కూడా నవ్వింది."

మేటు అంటే కూలీల చేత పని చేయించే మనిషి, అతని చేతిలోని హాజరు కాగితాన్ని మస్టర్ అంటారు. అమ్మాయి దాన్ని 'మిస్టర్' అని రాసింది. అమ్మ పేరు మిస్టర్‌లో ఉందట. క్రియల చివర రావలసిన 'ఎస్' ఒక్కచోటా లేదు. జరిగినదాన్ని జరుగుతున్నట్టు రాసింది, మధ్యలో ఒకచోట నాన్నను 'షీ' చేసింది.

ఎన్ని వేయాలి? నేను స్పాట్ వాల్యుయేషన్‌కు, అంటే పబ్లిక్ పరీక్ష పేపర్లు దిద్దడానికి, వెళ్లినదాన్ని. అక్కడ రోజుకు నలభై పేపర్లు. డైరీ మీద నిలిచే చూపు అర నిమిషం. ఆ అర నిమిషంలో కన్ను వెదికేది తేదీ, సంబోధన, నాలుగు పొందికైన వాక్యాలు, చివర సంతకం. అంటే దిద్దేవాళ్లం కూడా స్కానింగే. ఆ లెక్కన ఈ పేపరుకు మూడు, దయ తలిస్తే నాలుగు. మరువలేని రోజు బ్యాచికి ఏడు చొప్పున వేసి వచ్చాను అప్పటికే. పెన్సిలుతో నాలుగు వేశాను. చెరిపి తొమ్మిది వేశాను. తొమ్మిది చూసి ఆ అమ్మాయి ఇదే సరైన పద్ధతి అనుకొని మార్చిలో తేదీ లేకుండా, అడిగినది కాకుండా రాస్తే? నెల రోజుల్లో ఆమెకు కావలసింది ఏడు మార్కుల చట్రమే. అది కూడా నాకు తెలుసు. తొమ్మిదీ చెరిపాను. కాగితం అక్కడ పలచబడింది.

ఆయన లేచి వచ్చి, "ఇంకా అయిపోలేదా?" అని అడిగితే పేపరు చేతికిచ్చాను. బ్యాంకు మనిషి, అంకెలు తప్ప ఏదీ పట్టించుకొని చదవడు. ఇది చదివి, "మరి వాళ్లమ్మ పేరేమిటట?" అన్నాడు.

లాక్కొని మళ్లీ వెదికాను. పేపరంతా ఆ పేరు గురించే ఉంది, ఆ పేరు మాత్రం ఎక్కడా లేదు.

మార్జిన్‌లో ఆ ప్రశ్నే రాశాను, ఇంగ్లిషులో, ఎర్రపెన్నుతో. మార్కుల గడి ఖాళీగానే ఉంది. సోమవారం మొదటి పీరియడ్‌లో ముందు ఆ రెండో 'టీ' సంగతి బోర్డు మీద ఒప్పుకోవాలి. వెనక బెంచీవాడికి గ్లాకడం గురించి కూడా ఏదో ఒకటి చెప్పాలి.