పెళ్లిపత్రిక ప్రూఫుకి రెండో తెర: కేబుల్ ఎంచుకోవడంలో నా అనుభవం

పర్లాకిమిడిలో డీటీపీ షాపంటే ఒకే పూటలో తెలుగు పెళ్లిపత్రికా, ఒడియా పెళ్లిపత్రికా రెండూ తయారవుతాయి. ప్రూఫు చూసుకోవడానికి వచ్చినవాళ్లు ఆపరేటరు భుజం మీంచి వంగక్కర్లేకుండా ఎదుటి గోడకి ఒక తెర పెట్టడం ఇక్కడి పని. ఆపరేటరు ముందున్నది 22 అంగుళాల పాత మానిటరు. దానికి తీగ తగిలించే పోర్టుల్లో వీజీఏ, డీవీఐ మాత్రమే ఉన్నాయి. గోడకి 43 అంగుళాల ఫోర్‌కే టీవీ. కంప్యూటరు ఇంటెల్ ఏడో తరంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. వెనక ఒక వీజీఏ, ఒక హెచ్‌డీఎంఐ, ఒక డిస్‌ప్లేపోర్టు ఉన్నాయి.

షాపులో ఎవరైనా మొదట చేసేది మానిటరుకి ఉన్న వీజీఏ తీగని అలాగే ఉంచేసి, టీవీకి ఒక హెచ్‌డీఎంఐ తీగ కొనడం. బొమ్మ వస్తుంది. అక్షరం సరిగ్గా రాదు. అందుకే నేను కేబుల్ సంగతి చివరికి వదిలేసి, ముందు రెండు చివర్లా ఏమున్నాయో కాగితం మీద రాసుకుంటాను: ఎన్ని పిక్సెళ్లు, సెకనుకి బొమ్మ ఎన్నిసార్లు మారాలి (అదే హెర్ట్జ్), ఆ పోర్టు ఎంత మోయగలదు.

లెక్క ఇలా ఉంటుంది. 1920×1080 బొమ్మ 60 హెర్ట్జ్‌తో పోవాలంటే హెచ్‌డీఎంఐ తీగలో సెకనుకి సుమారు 4.5 గిగాబిట్లు నడవాలి. ఫోర్‌కే, అంటే 3840×2160, 30 హెర్ట్జ్‌కి దాదాపు 9, 60 హెర్ట్జ్‌కి దాదాపు 18. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు గరిష్ఠం 10.2, 2.0 పోర్టు గరిష్ఠం 18. ఇంటెల్ ఆరో తరం నించి పదో తరం దాకా ప్రాసెసరులోని గ్రాఫిక్స్‌తో నడిచే హెచ్‌డీఎంఐ మామూలుగా 1.4యే. కొన్ని మదర్‌బోర్డుల్లో మాత్రం అదనపు చిప్పు పెట్టి 2.0 ఇచ్చారు. బోర్డు మోడల్ నంబరు చూసి తేల్చుకోవాలి. అదే కంప్యూటరు వెనకున్న డిస్‌ప్లేపోర్టు 1.2 అయితే ఫోర్‌కే 60 హెర్ట్జ్ సునాయాసంగా ఇస్తుంది. అంటే ఈ కంప్యూటరులో గట్టి పోర్టు డిస్‌ప్లేపోర్టు. దాన్ని టీవీకి ఇచ్చి, హెచ్‌డీఎంఐని మానిటరుకి ఇవ్వడమే సరైన పంపకం.

అసలు ప్రూఫు చూడ్డానికి ఫోర్‌కే దేనికని షాపువాళ్లు అడుగుతారు. ఏ4 పేజీ ఎత్తు 297 మిల్లీమీటర్లు. పేజీ మొత్తం తెర మీద కనబడేలా పెడితే 1080 గీతల్లో అంగుళానికి 92 పిక్సెళ్లు దక్కుతాయి. 12 పాయింట్ల అక్షరానికి పదిహేను పిక్సెళ్లు, కింది ఒత్తుకి నాలుగైదు. ఆ నాలుగైదింట్లో త వత్తూ న వత్తూ ఒకేలా కనిపిస్తాయి. ఒడియా అక్షరాల గుండ్రటి పైభాగాలదీ అదే అవస్థ. 2160 గీతలైతే అన్నీ రెట్టింపవుతాయి, పేరులో తప్పుంటే పెళ్లివారు కూర్చున్నచోటినించే పట్టుకుంటారు.

మానిటరు సంగతి తేలిక. హెచ్‌డీఎంఐ, డీవీఐ-డి (డిజిటల్ మాత్రమే మోసే డీవీఐ) రెండిట్లోనూ నడిచేది ఒకే రకం డిజిటల్ సిగ్నలు. ఒక చివర హెచ్‌డీఎంఐ, రెండో చివర డీవీఐ ఉన్న మామూలు తీగ చాలు, మధ్యలో చిప్పు అక్కర్లేదు. సింగిల్ లింక్ డీవీఐ 1920×1200 దాకా మోస్తుంది. కొనేటప్పుడు డీవీఐ తల చూడండి. బల్లపరుపు పిన్ను చుట్టూ నాలుగు చిన్న పిన్నులుంటే అది డీవీఐ-ఐ, డీవీఐ-డి మాత్రమే ఉన్న మానిటరులో దూరదు. చుట్టూ ఏమీ లేనిది కావాలి. డీవీఐలోంచి శబ్దం రాదనుకోండి, ఇక్కడ దాంతో పనిలేదు.

వీజీఏ పనికిరాదని కాదు. అది అనలాగ్. పొడుగు పెరిగినా, తీగ పలచనైనా నిలువు గీతల పక్కన నీడ పడుతుంది. చవక వీజీఏ తీగల్లో 12, 15 పిన్నుల తీగలు లోపల ఉండవు. మానిటరు తన వివరాలు కంప్యూటరుకి చెప్పుకునేది వాటిమీదే. అవి లేకపోతే విండోస్ ఎవరో తెలియని మానిటరనుకుని 1024×768 దగ్గర ఆగిపోతుంది. మానిటరు చెడిపోయిందని మార్చేసినవాళ్లున్నారు, మార్చాల్సింది తీగ.

ఇక టీవీ. డిస్‌ప్లేపోర్టు నించి హెచ్‌డీఎంఐకి మార్చే ముక్కలు (అడాప్టర్లు) రెండు రకాలు, బయటినించి చూస్తే ఒకటే. చవకది పాసివ్. పోర్టే హెచ్‌డీఎంఐ సిగ్నలు పంపితే అది వోల్టేజీ మాత్రం సర్దుతుంది. దాంతో పాత రకంలో 1080, కొత్త రకంలో ఫోర్‌కే 30 హెర్ట్జ్ దాటదు. మనకి కావలసింది లోపలి చిప్పుతో సిగ్నల్ని తానే మార్చే యాక్టివ్, పెట్టెమీద ఫోర్‌కే 60 హెర్ట్జ్ అని స్పష్టంగా ఉన్నది. ఇంకో సంగతి: ఈ ముక్కలు ఒకే దిక్కున పనిచేస్తాయి. హెచ్‌డీఎంఐ నించి డిస్‌ప్లేపోర్టు మానిటరుకి పోవాలంటే వేరే పరికరం కావాలి, దానికి సాధారణంగా యూఎస్‌బీ కరెంటు కూడా ఇవ్వాలి.

ముక్కని కంప్యూటరు దగ్గరే పెట్టి, అక్కణ్ణించి టీవీకి హెచ్‌డీఎంఐ తీగ లాగాలి. తీగమీద 2.0 అని అచ్చేసి ఉంటే నమ్మి కొనకండి. ఆ అంకె పరికరాలది. తీగలకుండే తరగతులు వేరు: హై స్పీడ్, ప్రీమియం హై స్పీడ్, అల్ట్రా హై స్పీడ్ వంటివి. 18 గిగాబిట్లకి పరీక్షించినది ప్రీమియం, 48కి అల్ట్రా. ప్రీమియం పెట్టెమీద స్కాన్ చేసి చూసుకునే ముద్ర ఉంటుంది. బంగారు పూత, అల్లిన తొడుగు చూసి ధర పెంచుకోనక్కర్లేదు. 3 మీటర్లకి మామూలు రాగి తీగ నిశ్చింతగా సరిపోతుంది. 5 మీటర్లు దాటాక ఫోర్‌కే 60 హెర్ట్జ్ మీద తెల్ల చుక్కలు మెరవడం, క్షణంపాటు తెర నల్లబడడం మొదలవుతుంది. 10 మీటర్లకైతే లోపల ఆప్టికల్ ఫైబర్ ఉన్నదే తీసుకోండి. దానికి తలా తోకా ఉంటాయి, సోర్స్ అని ఉన్న చివర కంప్యూటరు వైపు రావాలి. 20 ఎంఎం పైపులో హెచ్‌డీఎంఐ తల దూరదు, గోడమీద మూత తీసే కేసింగ్ పట్టీ వేయిస్తే మేలు.

తగిలించే ముందు టీవీ ప్లగ్గు పీకి, వెనకున్న కేబుల్ టీవీ తీగ కూడా విప్పండి. ఎర్తు సరిగా లేని షాపుల్లో ఆ తీగమీద వచ్చే వోల్టేజీ హెచ్‌డీఎంఐ పోర్టుల్ని కాల్చేస్తుంది.

తర్వాత టీవీ మెనూ. ఆ ఇన్‌పుట్‌కి పీసీ అని పేరు పెట్టాలి. దాంతో చాలా టీవీలు అంచులు కోయడం, అక్షరాలకి లేనిపోని పదును పెట్టడం మానేస్తాయి. యూహెచ్‌డీ కలర్ అనో, ఎన్‌హాన్స్‌డ్ అనో ఒక మీట ఉంటుంది, అది ఆ పోర్టుకి విడిగా ఆన్ చేయాలి. అది ఆఫ్‌లో ఉంటే ఫోర్‌కే 60 వచ్చినా రంగు 4:2:0లో వస్తుంది: నాలుగు పిక్సెళ్లకి కలిపి ఒకే రంగు. సినిమాలో ఎవరికీ తెలీదు. పెళ్లిపత్రికలో పసుపు మీద ఎర్ర అక్షరాలు కదా, వాటి అంచులు చెమ్మ తగిలిన కుంకంలా పాకుతాయి. నల్ల అక్షరాలు మాత్రం బాగానే ఉంటాయి, అందుకే ఈ లోపం నల్లవాటితో దొరకదు. పసుపు నేలమీద 10 పాయింట్ల ఎర్ర అక్షరాల పేజీ ఒకటి నా పెన్‌డ్రైవులో ఎప్పుడూ ఉంటుంది. విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్ లోపల అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో కలర్ ఫార్మాట్ ఆర్‌జీబీ (ప్రతి పిక్సెలుకీ పూర్తి రంగు) అని ఉందో లేదో కూడా చూడాలి.

యాక్టివ్ ముక్క దొరక్కపోతే ఫోర్‌కే 30 హెర్ట్జ్, పూర్తి రంగుతో నడపండి. 60 హెర్ట్జ్ 4:2:0 కంటే అదే నయం. మౌసు కాస్త ఈడ్చినట్టుంటుంది, కానీ ఆ తెర మీద కదిలేది ఏముంది గనక.

విండోస్ మీట, పీ మీట కలిపి నొక్కితే వచ్చేవాటిలో ఎక్స్‌టెండ్ ఎంచుకోవాలి. డూప్లికేట్ పెడితే రెండు తెరలకీ ఒకే కొలత వచ్చి, టీవీ 1080కి దిగిపోతుంది, ఇంత శ్రమా వృథా. కరెంటు పోయొచ్చినప్పుడు టీవీ ఆరిపోతే డిస్‌ప్లేపోర్టు ఆ తెర లేదనుకుని తెరిచి ఉన్న కిటికీలన్నీ (విండోలు) మానిటరు మీదికి తోసేస్తుంది. విండోస్ 11 అయితే మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద కిటికీల చోటు గుర్తుంచుకోమనే గడి ఉంది, టిక్ పెడితే టీవీ వెలగగానే వాటి చోటికి అవి వెళ్లిపోతాయి.