హాంటెడ్ మాన్షన్ నమూనా: వరండాల దశ, బాల్టిమోర్ ఇంటి పోలికలు

కాలిఫోర్నియాలోని అనహైమ్ డిస్నీలాండ్‌లో దెయ్యాల ఇంటి రైడ్ అయిన హాంటెడ్ మాన్షన్ ముఖభాగానికి 1:87 నిష్పత్తిలో నేను చేస్తున్న నమూనాలో గోడల పని పూర్తయింది. ప్రస్తుతం ముందు వైపు రెండంతస్తుల వరండాలు, వాటి ఇనుప అల్లిక పని సాగుతున్నాయి. గోడలు కట్టినంత కాలం ఈ భవనానికి మూలమైన అసలు ఇల్లు ఏదన్నది నాకు ఆసక్తికి సంబంధించిన ప్రశ్నగానే ఉండేది. వరండాల దగ్గరకు వచ్చేసరికి అది పనికి సంబంధించిన ప్రశ్నగా మారింది, ఎందుకంటే చెట్ల చాటున పడి ఏ ఫొటోలోనూ స్పష్టంగా కనిపించని భాగాలను పూరించాలంటే, రూపకర్త ఏ కట్టడాన్ని ఎదురుగా పెట్టుకుని గీశారో తెలియాలి.

ఈ భవనానికి తొలి రూపం 1957లో ఈ పనిని చేపట్టిన డిస్నీ రూపకర్త కెన్ ఆండర్సన్ చిత్రాలలో కనిపిస్తుంది. విక్టోరియా కాలపు అలంకరణ కళ గురించిన ఒక పుస్తకంలో ఉన్న బాల్టిమోర్‌లోని షిప్లీ-లైడెకర్ ఇంటి ఫొటో ఆయన చిత్రానికి ఆధారమని చరిత్రకారులు చాలాకాలంగా చెబుతున్నారు. ఆండర్సన్ ఆ ఇంటిని పాడుబడినట్టుగా, చుట్టూ పిచ్చిచెట్లు పెరిగినట్టుగా గీశారు. తన పార్కులో శిథిలమైన ఇల్లు కనిపించడానికి వాల్ట్ డిస్నీ ఒప్పుకోలేదు. బయటి కట్టడం 1963 నాటికే లేచినా, దాని చుట్టూ న్యూ ఆర్లియన్స్ నగరాన్ని తలపించేలా కట్టిన పార్కు భాగం న్యూ ఆర్లియన్స్ స్క్వేర్ 1966లోను, లోపలి రైడ్ 1969 ఆగస్టు 9న మాత్రమే ప్రారంభమయ్యాయి.

బాల్టిమోర్ ఇంటి ఫొటోను నా కొలతల కాగితం పక్కన పెట్టి చూస్తే, పోలిక ఎక్కడ బలంగా ఉందో, ఎక్కడ బలహీనంగా ఉందో తెలుస్తుంది. ఇనుప అల్లికలోని తీగలు, ఆకుల నమూనా ఒకేలా ఉందన్నది నా దృష్టిలో గట్టి సాక్ష్యం కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో పోత ఇనుప అలంకారాలను ఫౌండ్రీలు కేటలాగులు అచ్చువేసి అమ్మేవి. ఒకే అచ్చులో పోసిన పలకలు ఓడల మీద, రైళ్ల మీద ఎన్నో నగరాలకు చేరేవి కాబట్టి, బాల్టిమోర్ ఇంటికీ న్యూ ఆర్లియన్స్ ఇంటికీ ఒకే రకమైన అల్లిక ఉండడంలో వింత లేదు. అసలైన సాక్ష్యం అమరికలో ఉంది. ముఖభాగం పొడవునా కింద ఒకటి, పైన ఒకటి చొప్పున వరండాలు రావడం, బరువైన ఇంటి దేహానికి ముందు ఆ పలుచని అల్లిక నిలవడం రెండు చోట్లా ఒకే తీరుగా కనిపిస్తాయి. అందుచేత ఫొటోల్లో మరుగున పడిన వరండా భాగాలకు బాల్టిమోర్ ఇంటి అమరికనే ప్రమాణంగా తీసుకున్నాను.

అల్లిక నమూనాకు మాత్రం న్యూ ఆర్లియన్స్ వైపే చూశాను. అక్కడి జాక్సన్ స్క్వేర్‌కు రెండు పక్కలా ఉన్న పొంటాల్బా భవనాలను మికేలా అల్మొనాస్టర్ 1849, 1851 మధ్య కట్టించి, తన పుట్టింటి పేరుకూ అత్తింటి పేరుకూ గుర్తుగా ఎ, పి అక్షరాలను వరండాల పోత ఇనుములో పెనవేయించారు. డిస్నీలాండ్‌లో పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్ రైడ్ ప్రవేశం పైనున్న బాల్కనీ కమ్మీలలోనూ వాల్ట్, రాయ్ డిస్నీ సోదరుల పొడి అక్షరాలు అదే తీరుగా కనిపిస్తాయి. డిస్నీలాండ్‌లోని న్యూ ఆర్లియన్స్ స్క్వేర్‌ను రూపొందించినవారు న్యూ ఆర్లియన్స్ ఇనుప పనిని ఎంత దగ్గరగా చూశారో ఈ ఒక్క వివరమే చెబుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇక పని వివరాలు. కొలతలకు దూరం నుంచి పొడవాటి లెన్స్‌తో తీసిన ఫొటోలనే వాడాలి. దగ్గర నుంచి తీసిన వాటిలో పై అంతస్తు కుంచించుకుపోయి కనిపిస్తుంది. ఎత్తును లెక్కగట్టడానికి మెట్లు మంచి ఆధారం. ఒక్కో మెట్టును 17 సెంటీమీటర్లుగా తీసుకుంటే నమూనాలో దాదాపు 2 మిల్లీమీటర్లు వస్తుంది, ఆ కొలతతో వరండా నేల ఎత్తు, దాని మీద తలుపుల ఎత్తు వరుసగా తేలతాయి. 2.1 మీటర్ల తలుపు 24 మిల్లీమీటర్లు కావాలి; ఆ లెక్క కుదరకపోతే మెట్టు ఎత్తును సవరించుకుని మళ్లీ మొదటి నుంచి లెక్కించాలి.

20 మిల్లీమీటర్ల ఇనుప కమ్మీ ఈ నిష్పత్తిలో 0.23 మిల్లీమీటర్లకు దిగుతుంది. అంత సన్నని గీతను కాగితంలో లేజర్‌తో కోస్తే అంచులు మాడి తెగిపోతాయి కాబట్టి గీతలను 0.3 మిల్లీమీటర్లకు పెంచి, అల్లికలో దగ్గరదగ్గరగా ఉన్న చిన్న ఆకులను కొన్నిటిని వదిలేశాను. కాగితం మందం 0.2 మిల్లీమీటర్లు. కోతకు ముందే దానికి రెండు వైపులా పలుచని షెల్లాక్ (లక్కతో చేసిన వార్నిష్) పట్టించి ఆరనిస్తే గట్టిపడుతుంది, రంగు వేసినప్పుడు ఉబ్బదు. కోసిన ముక్కలను షీటు నుంచి విడదీయకుండానే ప్రైమర్, రంగు స్ప్రే చేసి, ఆ తర్వాతే హాబీ కత్తితో వేరుచేయడం మేలు. మూలల్లో జిగురును సూది మొనతో అద్దాలి, లేకపోతే అల్లిక సందులు పూడుకుపోతాయి. స్వచ్ఛమైన తెలుపు ఇంత చిన్న నమూనా మీద కళ్లకు కొడుతుంది. అందులో కొద్దిగా ఓకర్ (పసుపుపచ్చ మట్టి రంగు), అంతకంటే తక్కువ బూడిద రంగు కలిపి గోడలకు వేశాను, అల్లికను వాటికంటే ఒక ఛాయ ముదురుగా ఉంచాను.

లోపలి గదులు చేయడం లేదు. ఈ ఇంట్లో నిజంగా ఉన్నవి ముందు గది, గోడలు పైకి సాగుతున్నట్టు కనిపించే ‘సాగే గదులు’ మాత్రమే. ఆ సాగే గదులు ఎలివేటర్లుగా సందర్శకులను కిందికి దించుతాయి, అక్కడి నుంచి పార్కు రైలు పట్టాల కిందుగా నడిచి అవతలి పెద్ద భవనంలోని రైడ్‌కు చేరాలి. కాబట్టి కిటికీల వెనుక నల్ల కాగితం, దాని ముందు పలుచని తెరలు చాలు.

ఇతర డిస్నీ పార్కుల్లోని ఇలాంటి దెయ్యాల ఇళ్లకు మూలాలు పూర్తిగా వేరు. 1992లో తెరుచుకున్న పారిస్ ఫాంటమ్ మానర్‌ను నెవాడాలోని వర్జీనియా సిటీలో 1876లో కట్టిన ఫోర్త్ వార్డ్ స్కూలుతో పోలుస్తారు. రెండింటి మాన్సార్డ్ కప్పులను, అంటే కింది భాగం దాదాపు నిటారుగా ఉండే కప్పులను చూస్తే ఆ పోలిక నాకు సబబుగానే తోస్తుంది. ఫ్లోరిడా భవనం హడ్సన్ నదీలోయ ఇళ్ల ధోరణిలో ఉంటుంది. అక్కడి కప్పుల వివరాలను ఈ నమూనాకు అరువు తెచ్చుకోవడం తగదు.

తరువాతి దశ కప్పు, దాని మీది చిన్న గోపురపు గది, ఆ పైన గాలి దిశను చూపే ఓడ బొమ్మ. ఓడను కాగితంతో కాక 0.15 మిల్లీమీటర్ల ఇత్తడి రేకుతో చేయాలని నిశ్చయించాను, ఎందుకంటే నమూనాను శుభ్రం చేసేటప్పుడు బ్రష్షు ముందుగా తగిలేది దానికే.